అమ్మ నడుము నొప్పికి ఏ పరుపు కొనాలి? (మంచం కొలత 74 × 58 అంగుళాలు)

మిర్చి_యార్డు | శనివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్లు. నాలుగైదు నెలలుగా పొద్దున లేవగానే నడుము పట్టేస్తోంది. వంటింటి గట్టు పట్టుకుని కాసేపు నిలబడితేగాని అడుగు వేయలేకపోతోంది. కాఫీ కలిపే సరికి కొంత వదులుతుంది, స్నానం అయ్యాక మామూలే. రాత్రి పడుకునేటప్పుడు ఏ నొప్పీ ఉండదు. అందుకే నా అనుమానం పరుపు మీదకు వెళ్లింది.

ఇప్పుడున్నది బూరుగు దూది పరుపు. 1993లో టేకు మంచంతోపాటు చేయించారు. మధ్యలో పల్లం పడింది, అక్కడక్కడా ఉండలు కట్టింది. కొట్టుకు వెళ్తే "ఆర్థోపెడిక్ తీసుకోండి, డాక్టర్లు చెప్పేది ఇదే" అని ఆరంగుళాల పరుపుకు 18 వేలు చెప్పారు. ఆన్‌లైన్‌లో సగం ధరకే ఉంది, పైగా వంద రాత్రులు వాడి నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చట. నాన్న చెక్కలా ఉండాలంటారు. అక్క మెత్తగా ఉండాలంటుంది. అమ్మ అసలు కొత్తదే వద్దంటుంది. నా దగ్గర ఉన్నది 15 వేలు, కాస్త అటూఇటూ. గట్టిదా, మెత్తదా? దయచేసి చెప్పండి.

ఆరుబయట_మంచం | శనివారం, రాత్రి 11:15

బాబూ, మా నాయనమ్మ జీవితమంతా చాప మీదే పడుకుంది. వేసవిలో మాత్రం వాకిట్లో నులక మంచం. ఎనభై దాటాక కూడా బావి నుంచి నీళ్లు తోడేది. ఈ నడుము నొప్పులన్నీ పరుపులు మందం అయ్యాక వచ్చినవే. నేలంత గట్టిది ఏది దొరికితే అది కొనండి. 18 వేలు పెట్టి ఎవరైనా నిద్ర కొనుక్కుంటారా!

కృష్ణలంక_ఉక్క | శనివారం, రాత్రి 11:31

ఏది కొన్నా మెమొరీ ఫోమ్ మాత్రం కొనకండి. వివరంగా రేపు రాస్తాను. ఇప్పుడు కరెంటు పోయింది, ఆ పరుపు మీదే పడుకుని ఉన్నాను.

వెన్నుపూస | ఆదివారం, ఉదయం 7:05

మాస్టారూ, మీ నాయనమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. బావిలో నీళ్లు తోడిన నడుము వేరు, రోజంతా కుర్చీలో కూర్చున్న నడుము వేరు. ఆవిడ ఆరోగ్యానికి కారణం చాప కాదు, చేద.

నేను ఫిజియోథెరపిస్టును. నడుము నొప్పికి గట్టి పరుపే మందు అనే మాటను వైద్యులూ చాలాకాలం చెప్పారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉండేది ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియనివ్వకుండా 90 రోజులు గమనించారు. పడుకున్నప్పుడూ లేచేటప్పుడూ నొప్పి ఎక్కువగా తగ్గింది మధ్యస్థం వాడినవారికే. మధ్యస్థం అంటే దూదిలో మునిగినట్టు ఉండేది కాదు. భుజం, తుంటి ఉన్నచోట కాస్త దిగనిచ్చి, నడుము దగ్గర వెన్నును మోసేది.

అమ్మగారు ఎలా పడుకుంటారు? పక్కకు తిరిగి పడుకునేవారికి బరువంతా భుజం, తుంటి మీద పడుతుంది. చెక్కలాంటి పరుపు మీద ఆ రెండుచోట్లా ఒరుసుకుని రాత్రంతా అటూఇటూ దొర్లుతారు. వెల్లకిలా పడుకునేవారికి కొంచెం గట్టిది సరిపోతుంది.

ఇంకొక్క మాట. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిర్లు ఉన్నా, ఎక్కడైనా జారి పడ్డాక మొదలైనా, జ్వరం, బరువు తగ్గడం లాంటివి తోడైనా, పొద్దుటి బిగువు గంట దాటినా సడలకపోయినా ముందు డాక్టరు, తరువాతే పరుపు. మూత్రం మీద పట్టు తప్పినట్టు అనిపిస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మిర్చి_యార్డు | ఆదివారం, ఉదయం 8:20

ధన్యవాదాలండీ. అలాంటివేమీ లేవు. డాక్టరుకు చూపించాం, ఎక్స్‌రేలో వయసుకు తగ్గ అరుగుదలే అన్నారు. ఎడమపక్కకు తిరిగి పడుకుంటుంది. పొద్దున పావుగంటలో వదులుతుంది.

పరుపుల_కొట్టు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

నేను రాజమండ్రిలో పరుపుల దుకాణంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఇది మా యజమాని చదివితే రేపటి నుంచి నాకు పగలూ నిద్రే.

"ఆర్థోపెడిక్" అన్నది అమ్మకానికి పెట్టుకున్న పేరు. ఆ మాట అచ్చు వేసుకోవడానికి ఏ డాక్టరు సంతకమూ అక్కరలేదు. ఆ పేరుతో వచ్చే చాలా పరుపుల్లో లోపల ఉండేది రీబాండెడ్ ఫోమ్, అంటే ఫోమ్ తుక్కును జిగురుతో కలిపి అచ్చుపోసిన దిమ్మ. రంగురంగుల ముక్కలు ఉంటాయి, జిప్పు తీసి చూస్తే తెలుస్తుంది. అది పనికిరానిదని అనను. అడుగున రెండంగుళాలు అది ఉండి, పైన మంచి ఫోమో లేటెక్సో (రబ్బరు పాలతో చేసే మెత్తటి దిమ్మ) ఉంటే బాగానే ఉంటుంది. మొత్తం అదే అయితే మాత్రం బండ మీద దుప్పటి పరిచినట్టే.

రెండోది, సాంద్రతనూ గట్టితనాన్నీ ఒకటి అనుకోకండి. 32, 40 అని చెబుతారే, అది ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు అన్న లెక్క. ఎన్నాళ్లు మన్నుతుందో దానివల్ల కొంత తెలుస్తుంది, ఎంత గట్టిగా ఉంటుందో తెలియదు. 40 సాంద్రత ఫోమ్ మెత్తగానూ ఉండవచ్చు. 72 × 36 కొలతలో ఆరంగుళాల పరుపు నిజంగా 40 సాంద్రతే అయితే పది కిలోలు తూగాలి. ఆరు కిలోలే ఉంటే అది 24కు కూడా రాదు. ఇంట్లో సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఉంటే పట్టుకెళ్లండి, సేల్స్‌మన్ ముఖం చూడవచ్చు. అయితే బరువుందని మురిసిపోకండి, ఇందాక చెప్పిన రీబాండెడ్ ఘనపు మీటరుకు ఎనభై కిలోలు దాటి కూడా తూగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంట్లో దివాన్ కాట్ ఉందా? ఉంటే ఏమీ కొనకుండా ఆ పాత పరుపునే దాని మీద వేసి మూడు రాత్రులు అమ్మగారిని పడుకోబెట్టండి. నేల మీద వద్దు, ఆ వయసులో మోకాళ్లకు ఇబ్బంది. నా అనుభవంలో పరుపు మార్చి మార్చి విసిగిపోయినవాళ్లలో కొందరి తప్పు పరుపుది కాదు, మంచానిది.

ఏకే_విల్లు | ఆదివారం, సాయంత్రం 5:12

మా తాతది దూది ఏకే వృత్తి. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. నారిని కొయ్య గుండుతో కొడితే "టంయ్ టంయ్" అని మోగేది. ఆ చప్పుడు వినగానే వీధిలో ఆడవాళ్లు పాత పరుపులు బయటకు తెచ్చేవారు. ఇప్పుడు మాకు నంద్యాలలో చిన్న మిషను ఉంది.

ముప్పై ఏళ్ల బూరుగు పరుపును ఒక్కసారైనా విప్పించారా? పత్తి, బూరుగు ఒకటి కావు. పత్తిని ఏకవచ్చు. బూరుగు పోగు పొట్టిది, నున్నగా జారిపోతుంది, పెళుసు. అందుకే దాన్ని వడికి నూలు తీయరు. మిషనులో వేస్తే పొడి అవుతుంది. విప్పి, ఎండబెట్టి, సన్నటి బెత్తంతో కొట్టి విడదీయాలి, గింజలు ఏరాలి. ఆ పోగు లోపల బోలుగా ఉంటుంది, అందులో గాలి నిలుస్తుంది. పూర్వం ఓడల్లో ప్రాణరక్షక కవచాల్లో బూరుగే కూరేవారు. పరుపు తేలికగా, చల్లగా ఉండేది ఆ గాలివల్లే. ఏళ్ల తరబడి మనిషి బరువుకు నలిగి గాలి పోతే మిగిలేది మీరు చెప్పిన పల్లమే.

మళ్లీ చేయించేటప్పుడు ఎదురుగా కూర్చుని చేయించుకోండి. తెల్లటి సంచిలో మిల్లు తుక్కు కలిపి "కొత్త బూరుగు" అని కూరేవాళ్లు ఉన్నారు. బూరుగుకాయ పండుతుందని కాచుకున్న చిలుక కథ మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

కృష్ణలంక_ఉక్క | ఆదివారం, రాత్రి 9:30

చెప్పినట్టే వచ్చాను. మెమొరీ ఫోమ్‌ను 1966లో అమెరికాలో నాసా కోసం విమానాల సీట్లకని తయారు చేశారు. ఆ మాట ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది, నేనూ దానికే పడిపోయాను. అది ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారానికి ఒదిగిపోతుంది. నొప్పి ఉన్నచోట ఒత్తిడి తగ్గుతుంది, అది నిజమే. కానీ ఒదిగినచోట గాలి ఆడదు. మే నెలలో బెజవాడలో, అర్ధరాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటే, ఆ గుంటలో పడుకోవడం అంటే గోరువెచ్చటి పిండిలో పడుకున్నట్టే. ఏసీ ఉన్నంతసేపు బ్రహ్మాండం. కరెంటు పోయిన పావుగంటకు వీపు కింద దుప్పటి తడిసిపోతుంది. అదే పరుపు డిసెంబరులో మా అత్తగారి ఊరు లంబసింగి వైపు తీసుకెళ్తే కొయ్యబారిపోతుందేమో!

వంద రాత్రుల మాట కూడా వినండి. కంపెనీ పేరు చెప్పను. నలభయ్యో రోజున వెనక్కి తీసుకోమంటే అట్టపెట్టె ఉందా అన్నారు. బిగించిన చుట్టగా వచ్చి ఆరడుగుల మేర ఉబ్బిన పరుపును మళ్లీ ఆ పెట్టెలో కుక్కడం మానవమాత్రుడి వల్ల అవుతుందా? చివరకు నలభై రోజులూ పడుకున్న గుర్తుగా చిన్న టీ మరక కనిపించిందని తీసుకోలేదు. షరతుల్లో ఉందట. కొనే ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి, వచ్చిన రోజే పైన రక్షక కవరు తొడగండి.

ఆరుబయట_మంచం | ఆదివారం, రాత్రి 9:52

చూశారా! చాప మీద టీ ఒలికితే తుడుచుకుంటే పోతుంది.

రాత్రి_డ్యూటీ | సోమవారం, ఉదయం 6:10

డ్యూటీ దిగి వచ్చి చదువుతున్నాను. వారంటీ అనగానే గుర్తొచ్చింది. పదేళ్లు అని రాసి ఉన్నా, పల్లం కనీసం అంగుళమో, అంగుళంన్నరో లోతు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటామనే షరతు చాలాచోట్ల ఉంటుంది. అంత లోతు పడేలోపు నడుము ఎప్పుడో వంగిపోతుంది.

పిల్లలున్నవాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట: ఏడాదిలోపు పాపాయిలకు ఈ మధ్యస్థం సంగతి వర్తించదు. వాళ్లకు సమంగా, గట్టిగా ఉన్న పడక, వెల్లకిలా, తలగడలూ మెత్తటి బొంతలూ లేకుండా. ముఖం మెత్తటి దాంట్లో కూరుకుపోతే తిప్పుకోలేరు.

మంచాన పడ్డ పెద్దలకు వాడే గాలి పరుపు గురించి ఎవరో నాకు విడిగా అడిగారు. అది పుండ్లు పడకుండా పరుపు లోపలి గదుల్లో గాలి మార్చి మార్చి నింపేది, మామూలు నడుము నొప్పికి కాదు. అది ఉన్నా కూడా రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే.

మిర్చి_యార్డు | గురువారం, రాత్రి 9:05

కొట్టు గారూ, మీ మాట విని అదే పని చేశాం. సోమవారం, మంగళవారం, బుధవారం రాత్రులు హాల్లో దివాన్ మీద అదే పాత పరుపు. మొదటిరోజు పొద్దున తేడా ఏమీ లేదు, పైగా "కొత్తచోట నిద్ర పట్టలేదు" అని నన్నే తిట్టింది. రెండో రోజు గట్టు పట్టుకోకుండా నిలబడింది. ఈరోజు నేను లేచేసరికి ముగ్గు వేసి ఉంది.

ఇక మంచం సంగతి చూశాను. పరుపు తీసేసి, ఈ పట్టె నుంచి ఆ పట్టెకు దారం బిగించి లాగి, మధ్యలో స్కేలు పెట్టాను. ప్లైవుడ్ అంగుళం పావు కిందకు దిగి ఉంది! కింద టార్చి వేసి చూస్తే ఒక అడ్డపట్టె చీలిపోయి, మేకు బయటకు వచ్చి వేలాడుతోంది. ఐదు నెలల క్రితం సంక్రాంతికి పిల్లలు నలుగురూ దాని మీద ఎగిరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. టేకు మంచం కదా, దానికేమవుతుందిలే అనుకున్నాం. టేకు చుట్టూ చట్రమే, మధ్యలో మోసేది మాత్రం మామూలు చెక్కే.

పరుపుల_కొట్టు | గురువారం, రాత్రి 9:20

నా కమీషన్ పోయింది గాని, సంతోషం.

వడ్రంగితో రెండు కొత్త అడ్డపట్టెలు, మధ్యలో నేలకు ఆనేలా ఒక కాలు వేయించండి. పట్టెల మధ్య సందు మూడంగుళాలు దాటకూడదు. ప్లైవుడ్ వేస్తే దానికి అక్కడక్కడా రంధ్రాలు పెట్టించండి.

అయినా ఆ పరుపు వయసు ముప్పై దాటింది కాబట్టి మార్చాలన్న ఆలోచన వదలకండి. పక్కకు పడుకునే మనిషి, గుంటూరు ఎండలు, మీ బడ్జెట్ లెక్క వేస్తే నేనైతే కింద నాలుగంగుళాల రబ్బరైజ్డ్ కాయర్, పైన అంగుళం లేటెక్స్ చూపిస్తాను. కాయర్ అంటే కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి అచ్చు వేసేది. గాలి ఆడుతుంది, మోస్తుంది. దాని గట్టితనాన్ని పైనున్న లేటెక్స్ మెత్తబరుస్తుంది. మొత్తం లేటెక్స్ అయితే ఇంకా మేలు, కానీ మీ బడ్జెట్‌లో రాదు, ఎత్తలేక ఇద్దరు మనుషులు కావాలి. భార్యాభర్తల్లో ఒకరు కదిలితే ఇంకొకరు లేచిపోయే ఇళ్లలో పాకెట్ స్ప్రింగ్ బాగుంటుంది, ఒక్కో స్ప్రింగు విడి సంచిలో ఉంటుంది కాబట్టి కుదుపు పక్కకు పాకదు. మీకు దాని అవసరం లేదు.

మందం కూడా చూసుకోండి. మంచం ఎత్తు ఎంత?

మిర్చి_యార్డు | గురువారం, రాత్రి 9:33

చెక్క వరకు 12 అంగుళాలు. అమ్మ ఐదడుగులు కూడా ఉండదు.

వెన్నుపూస | గురువారం, రాత్రి 9:50

అయితే పదంగుళాల పరుపు జోలికి వెళ్లకండి. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ఐదంగుళాలు చాలు. పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య ఒక చిన్న తలగడ పెట్టుకోమనండి. లేచేటప్పుడు నిటారుగా లేవకుండా, పక్కకు తిరిగి, కాళ్లు కిందకు దించి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. ఇది పైసా ఖర్చు లేని పని, అందుకే ఎవరూ చెయ్యరు.

కొట్లో ఒక్క నిమిషం కూర్చుని లేచి రావద్దు. చెప్పులు విప్పి, ఎడమపక్కకు తిరిగి, పదిహేను నిమిషాలు పడుకోమనండి. ఎవరైనా వెనక నుంచి చూస్తే మెడ నుంచి తోకఎముక వరకు వెన్ను గీతలా కనిపించాలి. తుంటి దిగబడి గీత వంగితే అది మెత్తన. భుజం పైకి ఎగదన్నినట్టు ఉంటే గట్టిది.

సముద్రపు_గాలి | శుక్రవారం, ఉదయం 7:44

కాకినాడ నుంచి. కాయర్ కొంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, కొత్తదనం పోకూడదని పైనున్న ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచేయకండి. మా ఇంట్లో రెండేళ్లు ఉంచాం, కదిలినప్పుడల్లా కరకర, కింద చెమ్మ. తిప్పి చూస్తే అడుగున నల్లటి బూజు చుక్కలు. రెండు, వానాకాలం పోయాక గోడకు ఆనించి నిలబెట్టి గాలి పట్టించండి. మూడు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకు మార్చండి. బోర్లా తిప్పకూడదు, మీది పైన మాత్రమే లేటెక్స్ ఉన్నది.

మిర్చి_యార్డు | 23 రోజుల తరువాత, ఆదివారం, సాయంత్రం 6:25

చివరి కబురు. వడ్రంగి 1,800 తీసుకున్నాడు. మంచం ఇప్పుడు ఏనుగు ఎక్కినా కదలదు.

పరుపుల కొట్లో అమ్మ పడుకోవడానికి ముందు అరగంట బతిమాలాల్సి వచ్చింది. "నలుగురిలో పడుకోవడం ఏమిట్రా" అని కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మొదటి రెండూ నచ్చలేదు. మూడోదాని మీద ఏడెనిమిది నిమిషాలకు చిన్నగా గురక వినిపించింది. సేల్స్‌మన్ నా వైపు చూశాడు, ఇక బేరం ఎక్కడ ఆడను? కాయర్ నాలుగు, లేటెక్స్ ఒకటి. 74 × 58 కొలత రెడీమేడ్‌లో లేదు, 75 × 60 తీసుకుని కుక్కేయమన్నారు. ఒప్పుకోలేదు. చట్రంలో ఇరుక్కుంటే మధ్యలో ఉబ్బుతుందని మీలో ఎవరూ చెప్పకపోయినా ఈపాటికి నాకే అర్థమైంది. కొలత ఇచ్చి చేయించాం, ఎనిమిది రోజులు పట్టింది, 16,400 అయింది. రబ్బరు వాసన పోవడానికి రెండు రోజులు వరండాలో ఉంచాం.

నొప్పి పూర్తిగా పోలేదు. వాన పడిన రోజుల్లో కాస్త పట్టేస్తోంది. కానీ గట్టు పట్టుకుని నిలబడటం మానేసింది.

పాత పరుపు పారేయనివ్వలేదు. ఏకే_విల్లు గారు చెప్పినట్టు ఎదురుగా కూర్చుని విప్పించింది, బెత్తం దెబ్బలు కూడా లెక్కపెట్టినట్టుంది. లోపల ఒక అగ్గిపుల్ల, మా అక్క చిన్నప్పటి జడపిన్ను దొరికాయి. దూది సగానికి సగం పొడిగా పోయింది. మిగిలినదాంతో దివాన్‌కు పల్చటి పరుపు, మూడు తలగడలు అయ్యాయి. రాత్రి కొత్తదాని మీద పడుకుంటుంది. మధ్యాహ్నం నిద్ర మాత్రం దివాన్ మీదే.

ఆరుబయట_మంచం | ఆదివారం, రాత్రి 8:10

ఏకే_విల్లు గారూ, మీరు భీమవరం వైపు వచ్చే వీలుందా? మా అటక మీద మూడు బూరుగు పరుపులు ఉన్నాయి. నాకు కాదు, మా ఆవిడకు.